పటేలు మెడలో గంట

కోస్గి ఎక్కడుందని నన్ను చాలామంది అడుగుతున్నారు. మహబూబ్‌నగర్ దాటి ఇంకా పడమరకు పోవాలి అంటే, "అక్కడేముంది?" అని రెండో ప్రశ్న. సంత ఉంది, ఎండ ఉంది, గంటలు పోతపోసే ఇళ్ళున్నాయి. వేసవి సెలవుల్లో మా వాళ్ళంతా తెనాలిలో చేరి మామిడిపళ్ళు తింటుంటే నేను ఒక మేకపోతుతో కలిసి బస్సెక్కి ఆ మూడూ చూసి వచ్చాను. ఈ సంగతి తెలిసినప్పటి నుంచి మా అమ్మ నాతో సరిగ్గా మాట్లాడడం లేదు. కనీసం చదివేవాళ్ళయినా నన్ను అర్థం చేసుకుంటారని రాస్తున్నాను.

నందికొండలో డ్యాం కడుతున్నారు కదా, ఆ కాలనీ బడిలో నేను టీచర్ని. మా బడికి అన్నీ ఉన్నాయి గానీ గంట లేదు. చెట్టు కొమ్మకు రైలు పట్టా ముక్క వేలాడదీసి ఇనుప కమ్మీతో కొడతారు. ఆ చప్పుడుకి పిల్లలు బళ్ళోకి రావడం అటుంచి, ఉన్నవాళ్ళకు కూడా పారిపోవాలనిపిస్తుంది. ప్రతి మీటింగులోనూ నేను లేచి, మనకు మంచి కంచు గంట కావాలి అనేదాన్ని. చివరికి హెడ్మాస్టరు గారు, "అయితే మీరే తెండి తల్లీ" అన్నారు. అందరికన్నా ఎక్కువ మాట్లాడినవాళ్ళకు పని అప్పజెప్పడం మా బడిలో ఆనవాయితీ.

సరిగ్గా అదే వారం మా ఇంటికి పెరుగు పోసే బాలమ్మ గుమ్మంలో కూర్చుని కొంగుతో కళ్ళు తుడుచుకుంటూ కనిపించింది. ఆమె ఏడుపు కూడా గంట కోసమే.

పంపకం

బాలమ్మ పెనిమిటి మల్లయ్య, మరిది బీరయ్య. పెద్దవూర దగ్గర చిన్న ఊరు వాళ్ళది. గొర్రెల మంద జీవనాధారం. నిరుడు వాళ్ళ నాయిన పోయాక మంద పంచుకున్నారు. గొర్రెల్ని పంచడం తేలికే, నీకొకటి నాకొకటి. చిక్కల్లా మందకు ముందు నడిచే మేకపోతు దగ్గర, దాని మెడలో ఉన్న కంచు గంట దగ్గర వచ్చింది. గొర్రెలు తమంత తాము దారి వెతుక్కోవు. ముందు పోయే పోతు వెంట, దాని గంట మోత వెంట పోతాయి. పోతు ఒక్కటే, గంట ఒక్కటే. పెద్దమనుషులు చాలాసేపు కూర్చుని, చాలా చాయ్ తాగి, ఒకరికి పోతు, ఒకరికి గంట అని తీర్పు చెప్పారు.

ఇంతకన్నా న్యాయమైన పంపకం నేను వినలేదు. ఇంతకన్నా తెలివితక్కువ పంపకం కూడా వినలేదు.

పోతు మల్లయ్యకు వచ్చింది. ఊరి పెద్దలా అందరికన్నా ముందు నడుస్తుందని దాని పేరు పటేలు. గంట బీరయ్యకు వచ్చింది. అతను దాన్ని ఒక పడుచు పొట్టేలు మెడకు కట్టాడు. పొద్దు వాలేవేళకు ఆ గంట దూరాన మోగుతుంది. ఇన్నేళ్ళూ తన మెడలో మోగిన చప్పుడు ఎటు నుంచి వస్తే అటే ఇల్లు అనుకుని పటేలు అటు తిరుగుతుంది. పటేలు వెనక మల్లయ్య వాటా గొర్రెలన్నీ తిరుగుతాయి. మల్లయ్య రోజూ తమ్ముడి దొడ్డికి పోయి తన గొర్రెలను ఏరుకుని రావాలి. బీరయ్య ఎదురుపడి మాట్లాడడు. "నేనేమన్న దొంగతనంగ తోలుకొచ్చిన్నా?" అని గోడతో చెబుతాడు. మల్లయ్య కూడా తన జవాబు గోడకే చెప్పి వస్తాడు. ఏడాదిగా ఆ అన్నదమ్ముల మధ్య మాట్లాడుకునేది ఆ గోడ ఒక్కటే.

"ఇగ నాతోని కాదంటుండు పంతులమ్మా" అంది బాలమ్మ. "ఆఖరుసారి ఒక కొత్త గంట కడ్తడట. దానికి గూడ మంద నిలువకపోతే అమ్మేసి డ్యాం కాడ మట్టి మోస్తడట. మా మామ, మా మామ నాయిన, అందరు గొర్లెంబడి బతికినోళ్ళే. తట్టెత్తుకున్నోడు మా ఇంట్ల లేడు."

కొత్త గంట ఎక్కడ దొరుకుతుందంటే కోస్గి పక్కన, తన తల్లిగారి ఊరి దగ్గర, పాత గంట పోసిన కంచరి ఇంట్లోనే అంది. నాకూ గంట కావాలి. ఇద్దరం చెరొక కారణంతో ఒకే దారిన పడ్డాం.

"మరి మీరు లేనన్ని రోజులు గొర్రెల్ని ఎవరు చూస్తారు?" అని అడిగాను.

"ఇంకెవలు? బీరయ్యనే. యెట్లనన్న గాడికే పోతయి గద."

"ఆయన ఒప్పుకున్నాడా?"

"మేము అడగలే. ఆయన వద్దనలే" అంది బాలమ్మ, ఇందులో వింతేముందన్నట్టు.

దేవరకొండ బస్సు

పటేలు ఎందుకు రావాలని నేను అడిగాను. గంట కట్టేది దాని మెడకు కాబట్టి అది రావాలన్నాడు మల్లయ్య. చెప్పులు కొనడానికి కాళ్ళు తీసుకుపోమా అని కూడా అన్నాడు. మల్లయ్య సన్నగా, పొడుగ్గా ఉంటాడు. గొంగడి భుజం మీద నుంచి దించడు, మే నెలలో కూడా. మాటకు ముందు ఒకసారి ఆకాశం వంక చూస్తాడు.

కండక్టరు పటేలును చూసి, "గిది బస్సా, బందెలదొడ్డా?" అన్నాడు. మల్లయ్య ఆకాశం వంక చూసి, "టికెట్ తీస్కుంట" అన్నాడు. మేకకు టికెట్ లేదు, సామాను కింద కిరాయి కట్టాలన్నాడు కండక్టరు. సామాను అయితే పైన వెయ్యాలి, పైన వేస్తే దూకుతుంది. చాలాసేపు వాదించుకున్నాక పటేలు వెనక సీటు కింద, నా కాళ్ళ దగ్గర ప్రయాణం చెయ్యడానికి రాజీ కుదిరింది. నన్నెవరూ అడగలేదు. దేవరకొండ చేరేలోగా పటేలు నా టికెట్టు తినేసింది. తనిఖీకి ఎక్కిన మనిషికి ఆ మాట చెప్పడానికి నాకు సిగ్గేసింది. బస్సంతా నా తరఫున సాక్ష్యం చెప్పింది. ఒక ముసలావిడ అయితే మేక నోరు తెరిచి చూపించబోయింది.

బస్సులో నిజం పటేళ్ళు ఉండొచ్చని మల్లయ్య దారి పొడుగునా దాన్ని పేరుతో పిలవలేదు. "చ్చో చ్చో" అని సరిపెట్టాడు.

మా వైపు బస్సులో పక్కన కూర్చున్నవాళ్ళు ముందు మీదే ఊరు అంటారు, తర్వాత ఎవరి తాలూకు అంటారు, మూడో ప్రశ్నకల్లా మన మేనమామ పేరు రాబడతారు. ఇక్కడ ముందు అడిగే మాట "తిన్నవా?" తినలేదు అన్నామో, మనం ఎవరైనా సరే, మూట విప్పుతారు. నేను తిన్నాను అని అబద్ధం చెప్పి కూడా, ఎవరో పెట్టిన జొన్నరొట్టె, ఎల్లిపాయ కారం తిన్నాను. కారానికి కళ్ళలో నీళ్ళు తిరిగితే, "పాపం, కోస్తా ఆమె" అని నా మీద జాలిపడ్డారు. గుంటూరు కారం తిని పెరిగినదాన్ని నేను! ఆ అవమానం ఇప్పటికీ పోలేదు.

దేవరకొండ హోటల్లో కాఫీ ఉందా అని అడిగాను. హోటలాయన నా వంక ఎంతో మర్యాదగా చూసి, "గది హైద్రాబాద్‌ల దొరుకుతదమ్మా" అన్నాడు. చాయ్ తాగాను. అణా అన్నాడు. అణాలు పోయి నయా పైసలు వచ్చి ఇంతకాలమైనా అందరూ ధరలు అణాల్లో చెప్పి నయా పైసల్లో తీసుకుంటారు, మధ్యలో తేడా ఎవరికి పోతుందో ఎవరికీ పట్టదు. చాయ్ మాత్రం బాగుంది. రెండోది కూడా తాగాను.

మహబూబ్‌నగర్ దాటాక

కల్వకుర్తి, జడ్చర్ల, మహబూబ్‌నగర్. ఎర్ర నేల, పెద్ద పెద్ద బండలు, ఎక్కడో ఒకచోట సీతాఫలం పొదలు. నీళ్ళ ఊసు లేని ఆ నేలను చూసి, "ఇక్కడ ఏం పండుతుంది?" అని అడిగాను. "వానవడితే అన్నీ" అంది బాలమ్మ. "పడకపోతే?" అన్నాను. "గొర్లుంటయి గద" అంది.

రాత్రి మహబూబ్‌నగర్‌లో బాలమ్మ చుట్టాలింట్లో పడుకుని తెల్లారి కోస్గి బస్సెక్కాం. దారిలో భార్యాభర్తలిద్దరికీ కొత్త గంట గొంతు గురించి తగాదా వచ్చింది. పాత గంటది లావు గొంతు. కొత్తది కూడా అచ్చం అలాగే ఉండాలని బాలమ్మ. పటేలు గుర్తుపట్టేది ఆ గొంతే కదా. మల్లయ్య ససేమిరా వద్దన్నాడు.

"అదే గొంతుండాలె అంటే, నాయిన గంటకు జోడు గంట చేయించుకున్నడంటరు. వాని గంట మీద నాకు ఆశ ఉన్నదంటరు. నాకొద్దు. నాది సన్న గొంతుండాలె. ఎవని గంట వానిది."

"గొర్లకు తెలుస్తదా నీ రోషం?" అంది బాలమ్మ.

మల్లయ్య కిటికీలోంచి ఆకాశం వంక చూశాడు. కోస్గి వచ్చేదాకా చూస్తూనే ఉన్నాడు.

కోస్గి సంత

మేం దిగిన రోజు సంత. మా వైపు సంతలో మనుషులు అరుస్తారు, పశువులు ఊరుకుంటాయి. ఇక్కడ పశువులు అరుస్తాయి, మనుషులు తువ్వాలు కింద చేతులు దాచి వేళ్ళతో బేరమాడుకుంటారు. పక్కవాడికి ధర తెలియకూడదట. తెలుసుకుందామని ఒక తువ్వాలు దగ్గర చాలాసేపు నిలబడ్డాను. ఆ ఇద్దరూ బేరం ఆపి నా వంక చూశారు, నేను ఉల్లిగడ్డలు కొనడానికి వచ్చినట్టు నటించి వెళ్ళిపోయాను. నిజంగానే కొన్నాను కూడా.

తిరిగొచ్చేసరికి మల్లయ్య చెయ్యి ఒక తువ్వాలు కింద ఉంది. పటేలును చూసి ఎవరో మంచి బేరమే పెట్టినట్టున్నారు. మల్లయ్య ముఖం పాలిపోయి ఉంది. అవునని అనడు, చెయ్యి వెనక్కి తీసుకోడు. పోతును ఇక్కడే అమ్మేసి, ఊరికి పోయి మంద కూడా తెగనమ్మి, ఈ రోజువారీ అవమానం వదిలించుకుందామని ఆ నిమిషంలో అనుకున్నానని తర్వాత తానే చెప్పాడు. బాలమ్మ పోయి ఆ చేతిని తువ్వాలు కింద నుంచి లాగింది. కొనబోయిన మనిషి నవ్వి, "ఇంటామె గట్టిది" అన్నాడు. నాకు మాత్రం నవ్వు రాలేదు. మల్లయ్య ఎంత అలిసిపోయాడో నాకు అప్పుడే తెలిసింది.

కొలిమి దగ్గర

కంచరి నర్సింలు ఇల్లు, మేం బస చేసిన బాలమ్మ తల్లిగారి ఊరికి కొంచెం దూరంలో ఉంది. ఎందుకంటే గంటల మోత ఊరివాళ్ళు భరించలేరు అన్నారు. నర్సింలును చూశాక అసలు కారణం తెలిసింది. ఆయన నోరు మూయడు.

"నేను పోసిన గంట కోస్గిల గొడ్తె కొడంగల్‌ల నిద్ర లేస్తరు" అన్నాడు, మేం ఇంకా కూర్చోకముందే.

"లేస్తరు, లేస్తరు. గంటకు గాదు, నీ మాటలకు" అంది లోపల్నుంచి ఆయన భార్య మాణిక్యమ్మ.

ఆ ఇంట్లో మైనం పని ఆమెది, నిప్పు పని ఆయనది, మాటలు ఇద్దరివీ. గంటను రేకు కొట్టి చేస్తారని నేను అనుకునేదాన్ని. కాదు. ముందు మెత్తటి పుట్టమన్నులో పేడ, ఊక కలిపి గంట లోపలి ఖాళీ ఎంత ఉండాలో అంత మట్టి ముద్ద చేసి ఎండబెడతారు. దాని మీద తేనెమైనం తీగలు చుట్టి, తడి వేళ్ళతో నునుపు చేస్తారు. మైనం ఎంత మందమో రేపు గంట అంత మందం. మైనం మీద మళ్ళీ మట్టి పూత, ఎండాక ఇంకో పూత. చూడ్డానికి అది పెద్ద వంకాయ లాగుంటుంది. దాన్ని కాలిస్తే మైనం కరిగి చిన్న రంధ్రంలోంచి కారిపోతుంది. రెండు మట్టి పొరల మధ్య గంట ఆకారంలో ఖాళీ మిగులుతుంది. ఆ ఖాళీలోకి కరిగిన కంచు పోస్తారు. చల్లారాక మట్టి పగలగొడితే గంట. ఒక్కో అచ్చుకు ఒక్కటే గంట. మళ్ళీ కావాలంటే మళ్ళీ మట్టి పిసకాలి.

మే నెల ఎండ మాకు కలిసొచ్చింది, అచ్చులు తొందరగా ఎండాయి. పటేలు మాత్రం కలిసి రాలేదు. బెల్లం వాసన వచ్చిందో ఏమో, పూత మట్టిలో బెల్లం కలిపి పెట్టిన గిన్నె దగ్గరికి పోబోయి, దారిలో ఉన్న అచ్చును కొమ్ముతో పొడిచింది. అది మా బడి గంట అచ్చు. మల్లయ్యది పక్కనే క్షేమంగా ఉంది. మేక తనది ఏదో పరాయిది ఏదో తెలిసినట్టే చేసింది. మాణిక్యమ్మ దాన్ని తిడుతూనే నాకు మళ్ళీ అచ్చు చేసింది, కొంచెం చిన్నగా, తొందరగా, చీకటి పడకముందే.

పోత రోజు నర్సింలు మొదటిసారి నోరు మూశాడు. రాగి మూస అనే మట్టి పాత్రలో కరిగి, తగరం అందులో పడి కలిసిపోతుంటే ఆయన కన్ను తిప్పలేదు. ఉత్త రాగితో పోస్తే గంట దగ్గుతుందట, తగరం కలిస్తేనే గొంతు వస్తుందట. "అయితే ఇంకొంచెం ఎక్కువ తగరం వెయ్యండి" అన్నాను, మా గంట బాగా మోగాలని.

"గొంతు ఇంక మంచిగైతది అమ్మా, కానీ పెళుసైతది. మీ పోరగాండ్లు గట్టిగొక్కటి గొడ్తె పలుగుతది" అన్నాడు.

మా పిల్లల్ని తలుచుకుని ఊరుకున్నాను.

గంట గొంతు

మట్టి పగలగొట్టి, అంటిన మసి గీకి, నునుపు చేసి గంట నా చేతికిచ్చారు. గట్టిగా పట్టుకుని కమ్మీతో కొట్టాను. "టక్" అంది, చెంబు మీద కొట్టినట్టు. ఇంత దూరం వచ్చింది ఇందుకా అనుకున్నాను.

"పీక పట్టుకుంటే ఎవలన్న పాడ్తరా? ఇడిసిపెట్టు" అంది మాణిక్యమ్మ.

పైన చెవి దగ్గర తాడు కట్టి వేలాడదీసి కొట్టింది. అప్పుడు మోగింది. మోగుతున్న గంట అంచుకు వేలు ఆనించి చూడమంది. సన్నగా జిల్లుమంది, వెంటనే మోత ఆగిపోయింది. కొట్టిన దెబ్బకు గంట మూతి ఒకసారి ఇటు సాగి, ఒకసారి అటు సాగి, కంటికి కనబడకుండా వణుకుతుంది. ఆ వణుకే గాలిని కదిపి మన చెవిదాకా వస్తుంది. ముట్టుకుంటే వణుకు పోతుంది, మోతా పోతుంది. అందుకే గంట నాలుక కూడా కొట్టి వెంటనే తప్పుకోవాలి. అక్కడే ఆనుకుని నిలబడితే తన చప్పుడు తానే చంపుకుంటుంది. ఆ సంగతి చెబుతూ మాణిక్యమ్మ మొగుడి వంక చూసింది. ఆయన మాట మార్చాడు.

అయితే మా బడి గంట నిలకడగా మోగలేదు. ఊఁ... ఊఁ... ఊఁ... అని పెరుగుతూ తగ్గుతూ ఉయ్యాల ఊగింది. "రెండు గొంతులున్నయి దీంట్ల" అని మాణిక్యమ్మ గంటను కుదురులో బోర్లా కాకుండా మూతి పైకి పెట్టి, నీళ్ళు నిండా పోసి, అంచు మీద తట్టింది. నీళ్ళు ఎగిరాయి, అన్నిచోట్లా కాదు, అంచు వెంట నాలుగు చోట్ల. మధ్యలో నాలుగు చోట్ల నీళ్ళు నిద్రపోతున్నట్టు ఉన్నాయి. అంచు మీద దెబ్బ చోటు కొంచెం జరిపినప్పుడల్లా ఆ చిందే చోట్లు కుదురుగా నిలవకుండా తారాడాయి. తొందరలో చేసిన అచ్చు కదా, మైనం ఒక పక్క మందమైంది. మందమైన వైపు వణుకు వేగం, పలచటి వైపు నిదానం. రెండూ ఒకే గంటలో ఉండి తగువులాడుకుంటున్నాయంది మాణిక్యమ్మ.

ఆ మాట వినగానే మల్లయ్య లేచి బయటికి పోయాడు.

మందమైన చోట ఆకురాయితో కొంచెం అరగదీసి, మోగించి, మళ్ళీ అరగదీసి, సాయంత్రానికి మాణిక్యమ్మ ఆ తగువు తీర్చింది. అరగదీస్తే గొంతు దిగుతుందే గానీ ఎక్కదు. ఎక్కువ తీస్తే మళ్ళీ పెట్టలేం. అందుకని అంత నిదానం. ఇప్పుడు మా గంట ఒక్క గొంతుతో మోగుతుంది. హెడ్మాస్టరు గారు విని, "బాగుంది, కానీ చిన్నది" అన్నారు. దీనికి కారణం మేక అని ఆయనకు చెప్పలేదు.

మల్లయ్య గంటకు మాత్రం ఏ మరమ్మతూ అక్కర్లేకపోయింది. చిన్న గంట, మల్లయ్య కోరిన సన్న గొంతే, తేటగా ఉంది. పటేలు మెడకు కట్టగానే అది కొయ్యబారిపోయి నిలబడింది. ఒక అడుగు వేసింది, మోగింది. ఇంకో అడుగు వేసింది, మళ్ళీ మోగింది. మోగేది తానేనని తెలిశాక ఇక నిలబడలేదు; ఊళ్ళో కొత్త చీర కట్టుకున్న పెళ్ళికూతురు కూడా అంత తిరగదు. మల్లయ్య దాన్ని చూసి నవ్వాడు. అతను నవ్వడం నేను అప్పుడే చూశాను.

తిరుగు దారి

తిరుగు బస్సులో ఒక ఇబ్బంది వచ్చింది. కండక్టరు ముందు ఒక గంట తాడు ఉంటుంది. ఒకసారి లాగి మోగిస్తే డ్రైవరు బస్సు ఆపాలి, రెండుసార్లు మోగిస్తే పోనివ్వాలి. పటేలు తల ఊపినప్పుడల్లా బస్సు ఆగింది. మళ్ళీ ఊపితే కదిలింది. జడ్చర్ల దాటేలోగా నిర్జనమైన బీళ్ళలో మేము ఎన్నో చోట్ల ఆగాం. దిగేవాళ్ళు లేరు, ఎక్కేవాళ్ళు లేరు. డ్రైవరు వెనక్కి తిరిగి, కండక్టరును ఆడుతున్నావా అని తిట్టాడు. కండక్టరు తాను ముట్టుకోలేదని ఒట్టేశాడు. చివరికి మల్లయ్య తన తలగుడ్డ కొస చింపి గంట మూతిలో కుక్కాడు. పటేలుకు కోపం వచ్చి నా ఉల్లిగడ్డల సంచీ తింది.

దారి పొడుగునా బాలమ్మ పటేలు చెవులనే చూస్తూ కూర్చుంది. ఎందుకని అడిగితే, "గొంతు మంచిగనే ఉన్నది. కానీ మామ గంట దూరాన మోగితే ఇది అటు తిరుగదని ఏం నమ్మకం పంతులమ్మా?" అంది. కాలనీకి పోవలసినదాన్ని, ఏమవుతుందో చూడకుండా పోలేక పెద్దవూరలో వాళ్ళతోపాటే దిగిపోయాను.

బీడు

మేం చేరేసరికి పొద్దు వాలుతోంది. ఊరి బయటి బీడులో మంద మేస్తోంది, రెండు వాటాలూ కలిసిపోయి. అవతలి బండ మీద గొంగడి కప్పుకుని ఒక మనిషి కూర్చున్నాడు. బీరయ్య. మమ్మల్ని చూసి లేవలేదు. పడుచు పొట్టేలు మెడలో చనిపోయిన పెద్దాయన గంట లావుగా, నింపాదిగా మోగుతోంది. అది విని పటేలు చెవులు నిక్కబొడుచుకుంది. బాలమ్మ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

మల్లయ్య ఒంగి కొత్త గంటలోంచి గుడ్డ పీకేశాడు. పోతు మెడ మీద ఒక్కటి తట్టి, వెనక్కి చూడకుండా ఇంటి దారి పట్టాడు.

పటేలు ఒక అడుగు వేసింది. మెడ కింద గంట గణగణలాడింది. ఆగి తల తిప్పింది, ఇంకా గణగణలాడింది. ఇక ఆ చెవులకు దూరపు మోత ఎక్కడ ఆనుతుంది? తన గంటే తన చెవి కింద ఊపిరాడకుండా మోగుతుంటే! లావు గొంతు అయినా, సన్న గొంతు అయినా, ఏదో ఒక గంట ఉంటే చాలునన్నమాట. భార్యాభర్తలు బస్సులో పోట్లాడుకున్నది ఉత్త పుణ్యానికి. పటేలు మల్లయ్య వెంట నడిచింది.

పటేలు కదలగానే గొర్రెలు తలెత్తాయి. మందకు పాత పోతు కనబడింది, దాని మెడలో గంట మోగుతోంది. ఇంకేం కావాలి వాటికి? మల్లయ్య గొర్రెలు కదిలాయి. బీరయ్య గొర్రెలూ కదిలాయి. పడుచు పొట్టేలు కూడా, పెద్దాయన గంట మోగించుకుంటూ, అందరితోపాటు దుమ్ము రేపుకుంటూ పోయింది. బండ మీద బీరయ్య లేచి, "అరె, అరె!" అని అరిచి, గొంగడి కింద పడేసి వెనక పరుగెత్తాడు. నాకు నవ్వాగలేదు. బాలమ్మ మాత్రం ఏడ్చింది, నవ్వుతూనే.

మల్లయ్య దొడ్డి నిండిపోయింది. రెండు గంటలూ లోపలే మోగుతున్నాయి. బీరయ్య వచ్చి ముళ్ళకంప బయట నిలబడ్డాడు, రొప్పుతూ. అన్నకన్నా పొట్టి మనిషి. గోడ కోసం వెతికాడు. ఇక్కడ గోడ లేదు, కంపే. చివరికి పటేలుకు చెప్పాడు.

"ఏం, నా గొర్లు ఎందుకు తెచ్చినవ్?"

"లోపలికి రా మరి, ఏరుకో" అని పటేలు తరఫున బాలమ్మ అంది. చెంబుతో నీళ్ళిచ్చింది. తాగాడు.

గొర్రెలు ఏరడం ఒక్కరి పని కాదు. ఒకరు దారి దగ్గర నిలబడాలి, ఒకరు లోపల్నుంచి తోలాలి. మల్లయ్య దారి దగ్గర నిలబడ్డాడు. ప్రతి గొర్రె ముఖమూ ఇద్దరికీ తెలుసు. బీరయ్య ఒక గొర్రెను బయటికి తోలితే మల్లయ్య దాన్ని ఒక్క చూపు చూసి వదిలాడు. చెవి నల్లగా ఉన్న ఒక చూడి గొర్రె దగ్గర మాత్రం అడ్డం నిలబడ్డాడు.

"గిది నీది గాదు."

ఇంకేముంది, మళ్ళీ మొదలు అనుకున్నాను.

"నాది గాదు. నీదే" అన్నాడు బీరయ్య. "ఈనేదున్నది. నిన్న మంచిగ లేకుండె, నా కాడ పెట్టుకొని చూసుకున్న. ఇయ్యాల మంచిగుంది. ఊకె బయటికొచ్చింది, లోపటికి తోలు."

మల్లయ్య దాన్ని లోపలికి తోలాడు. ఇద్దరూ మళ్ళీ పనిలో పడ్డారు. ఆ తర్వాత ఏ గొర్రె దగ్గరా తగువు రాలేదు. బాలమ్మ పొయ్యి మీద ఎసరు పెంచింది. నాకు తెలుస్తూనే ఉంది, అది మా ముగ్గురికీ సరిపడే గంజికన్నా ఎక్కువ.

బీరయ్య తన వాటా బయటికి తోలుకుని, పొట్టేలును ముందు పెట్టి, తినిపొమ్మని బాలమ్మ ఎంత చెప్పినా వినకుండా కదిలాడు. మల్లయ్య పటేలు మెడ పట్టుకుని నిలబడి ఉన్నాడు. అతని చెయ్యి గంట మీద ఉంది. ఆకాశం వంక చూడలేదు.

"బీరయ్యా, రేపు గంట ఇప్పి తోల్నా?" అన్నాడు.

బీరయ్య ఆగాడు గానీ వెనక్కి తిరగలేదు.

"ఉండనియ్యన్నా" అన్నాడు. "రేపు గూడ వస్త."